బర్రెల నడుమ దాటిన చౌరస్తా

పోయిన నెలలో కంటి డాక్టరు దగ్గరికని మా మనవరాలు నన్ను కారులో ఎక్కించుకొని పోతూ, ఒక చౌరస్తాలో ఎర్రదీపం పడితే ఆపింది. ఈ కొత్త రకం దీపాలు మీరూ చూసే ఉంటారు. నడిచేవాళ్ల కోసమని వేరేగా ఒక ఆకుపచ్చ మనిషి బొమ్మ వెలుగుతుంది, దాని పక్కన అంకెలు ఒక్కొక్కటే తగ్గుతూ వస్తాయి, అవి అయిపోయేలోగా అవతలికి చేరినవాళ్లు చేరినట్టు, చేరనివాళ్ల సంగతి ఆ బొమ్మకు పట్టదు. ఆ రోజు ఒక పెద్దావిడ కూరగాయల సంచి పట్టుకొని దిగింది, సగం దూరం వచ్చేసరికి అంకెలు అయిపోయాయి, ఆమె ముందుకూ రాలేక వెనక్కూ పోలేక రోడ్డు నడుమ బిగుసుకుపోయి నిలబడింది. నాలుగు పక్కలా హారన్లు మొదలయ్యాయి. మా మనవరాలు మర్యాద తెలిసిన పిల్ల కనుక రెండుసార్లే కొట్టింది. నేను మాత్రం కారు అద్దాన్ని అరచేత్తో బాదుతూ నడువు, నిలబడకు, నడువు అని అరిచానట. అరిచినట్టు నాకే తెలియదు, తరువాత ఆ పిల్ల చెబితే తెలిసింది. చివరికి ఎవరో స్కూటరు మనిషి దిగి ఆవిడను మోచెయ్యి పట్టి దాటించాడు.

ఇంటికి వచ్చాక రెండు రోజులు అన్నం సయించలేదు. నా ఈడువాళ్లు ఇంకా కొందరు కళ్లజోడు సర్దుకొని చదివే స్థితిలో ఉన్నారన్న నమ్మకంతో, మీతో కాక ఇంకెవరితో చెప్పుకుంటానని ఇది రాస్తున్నాను. ఇది మా మేనత్త సంగతి. ఒక చౌరస్తా దాటలేకపోతే ఇంట్లో చోటు పోయే పరిస్థితి ఆమెది, ఆమెను చెయ్యి పట్టి దాటించే పని నాది. ఆ పని నేనెంత చక్కగా చేశానో మీరే వినండి.

మాది మాదన్నపేట. ఇప్పుడు అక్కడ కూరగాయల మార్కెట్టు సందడిలో ఏ ఇల్లు ఎవరిదో పోల్చుకోవడం కష్టం గాని, అప్పుడు మా ఇల్లూ బర్రెల కొట్టమూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి, రాత్రి మేము నిద్రపోతుంటే గోడ అవతల అవి నెమరు వేయడం వినిపించేది. ఎనిమిది పాడి బర్రెలు, ఒట్టిపోయిన ముసలి బర్రె ఒకటి. ఇంటికి పెద్ద మా బాపు. ఆయనకు అక్క మా మేనత్త, పద్దెనిమిదేళ్లకే భర్త పోతే అత్తవారు బొట్టూ గాజులూ తీయించి మరునాడే బండెక్కించి పంపేశారు. అప్పటినుంచి తమ్ముడి ఇంట్లో ఉంది. ఉంది అనడం కంటే పని చేసింది అనడం నిజం. చీకటితోనే లేచి పాలు పితికేది, పేడ ఎత్తేది, దాణా కలిపేది, ఆపైన ఇత్తడి బిందె నెత్తిన పెట్టుకొని చౌరస్తా అవతల దబీర్‌పురా వైపు ఇళ్లకు పాలు పోసి వచ్చేది. మా అమ్మకు ఏడాది తప్పి ఏడాది కాన్పులు కనుక నన్ను పెంచింది కూడా ఆమే. పని చేసినంత కాలమే ఆ ఇంట్లో తన కంచానికి చోటని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ రాలేదు.

మనుషులతో ఆమె మాట్లాడింది తక్కువ, బర్రెలతో మాట్లాడింది ఎక్కువ. ఏ బర్రెకు ఏ చెవి దగ్గర గోకితే పాలు చేపుతుందో తెలుసు, ఏది తన్నబోతోందో ఒక నిమిషం ముందే తెలుసు. నాకు అయిదేళ్లప్పుడు మా గల్లీలోంచి ఒక పెళ్లి ఊరేగింపు పోతూ పటాకులు కాలిస్తే, అప్పుడే కొట్టం విప్పి బయటికి తోలిన బర్రెలన్నీ బెదిరి ఒక్కసారిగా మా వైపు తిరిగి ఉరికాయి. నేను ఏడుస్తూ పరుగెత్తబోతే ఆమె నా రెండు భుజాలూ పట్టుకొని గల్లీ నడుమ నిలబెట్టింది. "కదలకు బిడ్డా, నువ్వు కదలకుంటే గవే పక్కకెళ్లి పోతయ్" అంది. నిజంగానే అవి మాకు అటూ ఇటూ చీలి పోయాయి, వాటి పొట్టలు నా చేతులకు రాసుకున్నాయి, ఒక్క గిట్ట కూడా నా మీద పడలేదు. పాడి ఇళ్లలో పుట్టినవాళ్లందరికీ ఇది తెలిసిన విద్యే. ఉరికేవాడిని బర్రె తొక్కుతుంది, నిలబడినవాడిని తప్పించుకొని పోతుంది.

ఇక ఆ రోడ్డు సంగతి. నాకు ఊహ తెలిసే నాటికి దాన్ని సిమెంటుతో పోశారు, పోయడం చూడటానికి ఊరంతా కదిలి వెళ్లిందని చెప్పుకునేవారు. రోడ్డు నున్నగా అయినకొద్దీ దాని మీద మోటార్ల పొగరు పెరిగింది. ఎక్కువగా దేవిడీల, అంటే నవాబుల మేడల, పెద్దలవి, కొన్ని బస్సులు, వాటి సందుల్లో టాంగాలు, సైకిళ్లు, ఒంటెద్దు బండ్లు. మోటారు నడిచే మనిషి కోసం ఆగడం అనేది మేము చూసి ఎరుగం. రబ్బరు బుడ్డ నొక్కి హారన్ మోగించడం వరకే డ్రైవరు పని, గంతేసి తప్పుకోవడం మన పని, తప్పుకోకపోతే తప్పు మనదే. కాని అదే డ్రైవరు బర్రె కనిపిస్తే మాత్రం గజం దూరంలో ఊపిరి బిగబట్టి ఆపేవాడు. బర్రెను గుద్దితే మోటారు దీపం పగులుతుంది, ముందు రేకు వంగుతుంది, దీపం పగిలిందంటే దేవిడీలో ఆ డ్రైవరుకు మరునాటినుంచి చోటుండదు. మనిషిని గుద్దితే సాధారణంగా దీపానికి ఏమీ కాదు.

ఈ లెక్క మా బస్తీవాళ్లకు బాగా తెలుసు. అందుకని పొద్దున పాలు పితికాక మా బర్రెలను మూసీలో కడగడానికి తోలుకుపోయే వేళకు చౌరస్తా మూల మీద జనం చేరి ఎదురుచూసేవారు. మిషను కుట్టే ఆయన, బుర్ఖాల్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, ఉర్దూ బడి మౌల్వీ సాబు, సంకలో పసిపిల్లలతో కూలికి పోయేవాళ్లు, అందరూ. బర్రెలు రోడ్డెక్కగానే అందరూ మంద నడుమకు దూరి, ఎవరికి దొరికిన బర్రె వీపు మీద వాళ్లు చెయ్యి వేసి, నిదానంగా, దర్జాగా అవతలికి నడిచిపోయేవారు. మౌల్వీ సాబు తన తెల్ల షేర్వానీకి పేడ అంటకుండా ఒక చేత్తో అంచు ఎత్తి పట్టుకొని, రెండో చెయ్యి మా ముసలి బర్రె మీద వేసి నడవడం నాకిప్పటికీ కళ్లముందే ఉంది. ఒకసారి ఒక పెళ్లికొడుకు కూడా తలపాగాతో అలాగే దాటాడు. ఆ నాలుగు నిమిషాలు మా మేనత్త ఆ చౌరస్తాకు యజమాని. బిందె నెత్తిన పెట్టుకొని మంద ముందు నడుస్తూ హో హో అంటుంటే దేవిడీల మోటార్లు వరుస కట్టి ఆగేవి, ఆమె వాటి వైపు కన్నెత్తి కూడా చూసేది కాదు.

నాకు తొమ్మిదేళ్లు వచ్చిన ఏడు ఆ చౌరస్తా నడుమ ఒక గుండ్రటి దిమ్మె కట్టారు, దాని మీద పెద్ద గొడుగు పాతారు, గొడుగు కింద తెల్ల చేతి తొడుగులతో ఒక సిపాయి వచ్చి నిలబడ్డాడు. సిపాయి రొమ్ము గాని వీపు గాని కనిపిస్తే ఆగాలి, భుజం కనిపిస్తే పోవాలి, అదీ కొత్త పద్ధతి. దానితోపాటే పగటి పూట పశువులు చౌరస్తాలో అడుగు పెట్టరాదని దండోరా వేశారు. మా మంద నాలా పక్క సందులోంచి చుట్టు తిరిగి మూసీకి పోవలసి వచ్చింది. ఆ చుట్టు తిరిగితే పాలు ఇళ్లకు చేరేసరికి చాయ్ వేళ దాటిపోతుంది, కనుక మా మేనత్త మాత్రం బిందెతో చౌరస్తా మీదుగానే, మొదటిసారి ఒంటరిగా, పోవలసి వచ్చింది.

ఆ సిపాయి చెయ్యి ఎత్తేది మోటార్ల కోసం. టాంగాలు ఎన్ని, బస్సు ఎటు, దేవిడీ వారి బండి ఎంత దూరంలో ఉంది, ఇవి చూసుకొని తిరిగేవాడు, నడిచేవాడు దాటడానికి ఎన్ని అడుగులు పడతాయో ఆయన లెక్కలో లేదు. నడుమలో ఉండగానే భుజం పోయి వీపు వచ్చేది. అట్లా చిక్కుకున్నవాళ్లను ఆయన విజిలు ఊది దిమ్మె దగ్గరికి పిలిచి, చెవులు పట్టించి గుంజీలు తీయించేవాడు. అది పై నుంచి వచ్చిన ఆజ్ఞ కాదు, ఆయన సొంత సరదా. గడ్డాలు నెరిసినవాళ్లు, కూలీలు, సైకిలు పట్టుకొని వచ్చిన గుమాస్తాలు, అందరూ తీశారు. పాన్ డబ్బా దగ్గర జనం చేరి లెక్కపెట్టేవారు, పదికి పైన పోతే చప్పట్లు కొట్టేవారు. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని చెబుతాను, ఆ కాలంలో మా బస్తీలో ఖర్చులేని తమాషా అదొక్కటే, నేను బడికి ఆలస్యమైనా సరే ఆగి చూసేదాన్ని.

బడి అన్నాను కదా, మా వాళ్లలో బడికి పోయిన మొదటి ఆడపిల్లను నేను. చౌరస్తా అవతల ఉండేది ఆ ఆడపిల్లల బడి. అక్కడికి వకీళ్ల పిల్లలు, దఫ్తర్లలో పనిచేసేవాళ్ల పిల్లలు వచ్చేవారు, వాళ్ల నుంచి గంధపు సబ్బు వాసన వచ్చేది. నా నుంచి ఏ వాసన వచ్చేదో నాకు తెలుసు. మాది పాల ఇల్లని వాళ్లకు చెప్పలేదు, మా బాపు వ్యాపారం చేస్తాడని చెప్పాను. ముఖ్యంగా ఒక వకీలు గారి అమ్మాయి ఉండేది, తన పక్కన కూర్చోనిచ్చేది. ఆ పిల్ల పక్కన చోటు కోసం నేను దేన్నయినా వదులుకునేదాన్ని.

ఆ పిల్ల, నేను, ఇంకో ఇద్దరు బడి నుంచి వస్తూ ఒకరోజు అటు పక్క మూల మీద ఆగాం, తమాషా నడుస్తోందని. చూస్తే గుంజీలు తీస్తున్నది మా మేనత్త. సాయంత్రపు పాలు పోయడానికి వచ్చి నడుమలో చిక్కుకుంది. సిపాయి ఆమె బిందెను దింపించి దిమ్మె మీద ఎండలో పెట్టించాడు. ఆమెకు చెవులు ఎట్లా పట్టుకోవాలో తెలియక కుడి చెయ్యి కుడి చెవికి, ఎడమ చెయ్యి ఎడమ చెవికి పెట్టుకుంటే, ఆయన లాఠీ కొసతో చేతులు మార్పించి "ఐసా, బుడ్డీ, ఐసా! అబ్ బైఠ్!" అన్నాడు, ఇట్లా ముసలిదానా, ఇక కూర్చో అని. ఆమె కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. లేచినప్పుడల్లా జారిపోతున్న కొంగును నోట కరచుకుంది. జనం లెక్కపెడుతున్నారు. వకీలు గారి అమ్మాయి నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వడమే కాదు, లెక్క నేను గట్టిగా అరిచి చెప్పాను, ఏక్, దో, తీన్ అని. పన్నెండు దాకా వెళ్లింది. ఆమె నా గొంతు పోల్చుకుందో లేదో తెలియదు, మా వైపు మాత్రం తిరగలేదు.

ఇంట్లో ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పింది నేను. ఆ పూట అన్నాల దగ్గర లేచి నిలబడి, కొంగు కరచుకోవడం దగ్గరనుంచి అంతా చేసి చూపించాను. మా బాపు నవ్వి నవ్వి పొలమారి నీళ్లు తాగాడు, మా అమ్మ చంటిపిల్లను ఎత్తుకొని నవ్వింది, మేనత్త రొట్టెలు కాలుస్తూ తనూ కాస్త నవ్వి, నా కంచంలో ఇంకో రొట్టె వేసింది.

ఆ తరువాత ఆమెకు చౌరస్తా అంటే భయం పట్టుకుంది. మూల మీద బిందెతో గంట సేపు నిలబడిపోయేది. పాలు ఆలస్యమై ఇళ్లవాళ్లు లొల్లి పెట్టడం మొదలైంది. అప్పుడామె చేసిన పని మీరు నవ్వుతారేమో గాని నాకు ఈనాటికీ నవ్వు రాదు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా ముసలి బర్రెను తాడు కట్టి వెంట తీసుకొని, దాని వీపు మీద చెయ్యి వేసి చౌరస్తా దాటింది. మొదటి రోజు సిపాయి నిశ్చేష్టుడై చూశాడు, రెండో రోజు తిట్టాడు, మూడో రోజు బర్రెను బందెలదొడ్డికి తోలించాడు. అక్కడ దానికి రెండు రోజులు నీళ్లు పెట్టినవాడు లేడు, విడిపించి తెచ్చిన వారానికే అది చచ్చిపోయింది.

మా బాపు చెడ్డవాడని నేను చెప్పను. ఆ రోజుల్లో ఇంటి పెద్దలు ఎట్లా ఉండేవారో అట్లాగే ఉన్నాడు. బర్రె చచ్చిన రోజు కొట్టంలో నిలబడి అక్కను పిలిచి, అందరం వింటుండగా తేల్చి చెప్పాడు. "నీతోని రోడ్డు దాటుడు గూడ కాకపోతే ఇంగ నాకెందుకే అక్కా? పాలు ఇంకెవరితోనన్న పోయిస్త. నువ్వు నీ అత్తగారింటికి పో." అత్తగారిల్లు అంటే ఆమెను మరునాడే బండెక్కించిన ఇల్లు, అక్కడ ఆమెను ఎరిగినవాళ్లు కూడా మిగల్లేదు. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. "నెల దినాలు సూడు తమ్మీ. బిడ్డ ఎట్లాగు బడికి పోతది గద, దాని చెయ్యి పట్టుకొని దాటుత" అంది. బాపు నా వైపు చూసి సరే అన్నాడు. నన్ను అడగలేదు.

ఆ విధంగా మరునాటినుంచి నేను ఒక చేత్తో పలకా పుస్తకాలూ, ఇంకో చేత్తో మేనత్తనూ పట్టుకొని చౌరస్తాకు పోయాను. సిపాయి భుజం చూసి నేను నడువంటే నడిచేది, ఆగమంటే ఆగేది. తిరుగుదారిన, సాయంత్రపు పాలకు, అంత తొందర లేదు కనుక నాలా సందు చుట్టు తిరిగేది. పాలు పితికి పితికి గట్టిపడిన పెద్ద చెయ్యి ఆమెది, నా చెయ్యి మొత్తం అందులో దాగిపోయేది, నా నుంచి పేడ వాసన వస్తుందేమోనని నేను అంతసేపూ లోలోపల మండిపోయేదాన్ని. మూడో రోజే ఒక షరతు పెట్టాను. అవతలి గట్టు ఎక్కగానే నా చెయ్యి వదిలేయాలి, నన్ను పేరు పెట్టి పిలవకూడదు, నాకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే నేను ఎవరో తెలియనట్టు పోవాలి. ఎందుకని ఆమె అడగలేదు. "మంచిది బిడ్డా" అంది, ఆ రోజునుంచి ఎవరూ లేకపోయినా సరే గట్టు ఎక్కగానే చటుక్కున చెయ్యి వదిలి వెనుదిరిగి చూడకుండా పోయేది. ఇరవై రోజులకు పైగా గడిచాయి. నెలకు ఇంకా వారం ఉందని ఆమె వేళ్లు లెక్కపెట్టుకోవడం చూశాను, భయం కూడా కాస్త తగ్గింది, నడుమకు వచ్చాక ఒక్కోసారి తనే ముందు నడిచేది.

వానాకాలం, రాత్రంతా కురిసి పొద్దునకు తెరిపి ఇచ్చిన రోజది. సిమెంటు మీద నీళ్లు తళతళలాడుతున్నాయి. సిపాయి భుజం తిప్పాడు, మేము దిగాం. నడుమకు వచ్చేసరికి అవతలి మూల మీద, పొద్దున పూట టాంగాలో వచ్చే వకీలు గారి అమ్మాయి, ఆ రోజు ఎందుకో దిగి నిలబడి ఉంది, పక్కన ఇంకా నలుగురు. మా వైపే చూస్తున్నారు. నన్ను పోల్చుకున్నారో లేదో అన్నంత దూరం. నేను చెయ్యి లాగాను. ఆమె వేళ్లు ఒక్కసారి బిగుసుకున్నాయి. నేను గట్టిగా విదిలించుకున్నాను, అవి విడిపోయాయి. ఉరికి గట్టు ఎక్కాను.

ఎక్కి వెనక్కి చూసేసరికి సిపాయి వీపు తిరిగింది. మేనత్త రోడ్డు నడుమ, బిందెతో, నా కోసం అటూ ఇటూ చూస్తోంది. దక్షిణం వైపునుంచి ఒక పెద్ద దేవిడీ మోటారు వస్తోంది, హారన్ మోగుతోంది. అది చాలా దూరంలోనే ఉంది. ఆమె నాలుగు అడుగులు వేసినా సరిపోయేది, వెనక్కి రెండు అడుగులు వేసినా సరిపోయేది, ఆమె కాలు ఎత్తడం కూడా నేను చూశాను. అప్పుడు నేను అరిచాను. "అత్తా, కదలకు! నిలబడు!"

ఎందుకరిచానో ఎన్నిసార్లు ఆలోచించుకున్నానో లెక్క లేదు. భయం వేస్తే నాకు తెలిసిన విద్య అదొక్కటే, అది నాకు నేర్పింది ఆమే. నా గొంతు వినగానే ఆమె ముఖంలో భయం పోయింది. ఎత్తిన కాలు కింద పెట్టింది, రెండు చేతులతో బిందె సరిచేసుకుంది, మంద నడుమ నిలబడ్డప్పుడు నిలబడినట్టే నిటారుగా, నెమ్మదిగా నిలబడింది. హారన్ కొడితే మనిషి గంతేసి తప్పుకుంటుందని డ్రైవరు అనుకున్నాడు, కదలకుంటే అదే పక్కకు పోతుందని ఆమె అనుకుంది. ఇద్దరూ చివరిదాకా అలాగే అనుకున్నారు.

మోటారు ఆగాక డ్రైవరు దిగి మొదట దీపం చూసుకున్నాడు. బిందె తగిలి దీపం పగిలింది. అతను అక్కడే నేల మీద కూర్చొని తల బాదుకుంటూ ఏడ్చాడు, జనం అతని చుట్టూ చేరి ఓదార్చారు, పాపం పిల్లలు గలవాడు, నౌకరీ పోతుందని. సిపాయి వచ్చి "హటీ క్యోఁ నై? పాగల్ హై క్యా?" అని ఆమెనే అడిగాడు, ఎందుకు తప్పుకోలేదని, పిచ్చిదానివా అని. పాలు వాన నీళ్లలో కలిసి తెల్లగా కాలువ వైపు పోతున్నాయి. ఆమె పక్కకు ఒరిగి పడి ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి, నడుము కింద ఒక కాలు ఉండవలసిన వైపు లేదు. నేను మూల మీదనుంచి కదలలేదు. వకీలు గారి అమ్మాయి నా చెయ్యి పట్టుకొని, ఎవరామె, నీ వెంట వచ్చింది కదా అని అడిగింది. మా ఇంటికి పాలు తెచ్చే మనిషి అని చెప్పాను. చెప్పి, వాళ్లతో కలిసి బడికి పోయాను. ఆ రోజు ఎక్కాలు అప్పజెప్పాను, ఒక్క తప్పు కూడా పోలేదు.

ఆమె చావలేదు. చస్తే బాగుండేదని మా ఇంట్లో ఆమె వినేటట్టే అనుకున్నారు. తుంటి విరిగింది, ఆ రోజుల్లో దానికి చేయగలిగిందేమీ లేదు, పసరు కట్లు కట్టి కొట్టం పక్క గదిలో వేశారు. అత్తగారింటికి పంపే మాట మాత్రం మళ్లీ రాలేదు, పంపితే మోసుకుపోవాలి కనుక. ఏడేళ్లు ఆ గదిలో ఉంది. కూర్చున్నచోటనే దాణా నూరేది, పిడకలు చేసేది, ఏ బర్రెకు ఏం బాగాలేదో గోడ అవతలి చప్పుడు విని చెప్పేది. నేను పొద్దునా సాయంత్రమూ ఆమెకు అన్నం తీసుకుపోయేదాన్ని. బడి మానిపించారు, ఆ ఇళ్లకు పాలు పోయడానికి ఇంకొకరు కావలసి వచ్చారు కనుక. ఆ తరువాత కొత్తగా వాడిక పెట్టుకున్న వకీలు గారి ఇంట్లో కూడా నేనే పోశాను. ఆ అమ్మాయి తలుపు తీసి చెంబు అందించేది, నన్ను ఎరిగినట్టు ఎన్నడూ మాట్లాడలేదు, అది మాత్రం న్యాయంగానే జరిగింది.

నాకు పదిహేడేళ్లు వచ్చి పెళ్లి కుదిరిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం అన్నం పెట్టి లేవబోతుంటే ఆమె ఆపింది. ఏడేళ్లలో ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తని మనిషి ఆ రోజు కంచం వైపు చూస్తూ అడిగింది. "బిడ్డా, ఒక్క మాట. చెయ్యి నేనిడిసిన్నా, నువ్విడిసినవా? నాకు యాదికొస్తలేదు."

"నువ్వే ఇడిసినవత్తా" అన్నాను.

ఆమె తల ఊపింది. "గట్లనే అనుకున్న. పొద్దుగాల పాలు పిండిన చెయ్యి, తడి ఉండె, జారినట్టుంది" అంది. "పసిపిల్లవు, నిన్ను నడిరోడ్డు మీద బెదరగొట్టిన. మనసుల పెట్టుకోకు" అని నా చెయ్యి నిమిరింది. నేను కంచం తీసుకొని బయటికి వచ్చి, తోమి, బోర్లించి, పెళ్లి చీరల మూట విప్పుతున్న చోటికి పోయి కూర్చున్నాను. నేను కాపురానికి పోయిన మూడో నెలలో ఆమె పోయిందని కబురు వచ్చింది. కబురు తెచ్చినవాళ్లే చెప్పారు, చూడవచ్చినవాళ్లందరితో ఆమె చివరిదాకా తప్పు తన చేతిదేనని, తడి చెయ్యి కనుక జారిందని చెప్పేదట.

ఇప్పుడు ఆ ఊరు ఆ ఊరు కాదు. మా కొట్టం ఉన్నచోట మూడంతస్తుల మేడ లేచింది. పాడి ఇళ్లవాళ్లు ఒక్కొక్కరే జల్‌పల్లి దాకా, ఇంకా అవతలికీ జరిగిపోయారు, వాళ్ల పిల్లలు పొద్దున బండ్ల మీద పట్నానికి వచ్చి సాయంత్రం పోతున్నారు, వాళ్లలో బర్రె ముఖం చూసినవాళ్లు కూడా తక్కువే. నడిచేవాళ్లను ఎవరూ గుంజీలు తీయించడం లేదు, మంచిదే. పిల్లల్ని కూడా ఇప్పుడు వెనకటి మాదిరి తిట్టరు, కొట్టరు, ఏం చేసినా తెలియక చేశారంటారు, అదీ మంచిదేనేమో. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి చెబుదామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయాను. చెబితే వాళ్లు ఏమంటారో నాకు తెలుసు. అప్పుడు నీకు పదేళ్లు కదా, నీ తప్పేముంది అంటారు, నా భుజం మీద చెయ్యి వేస్తారు, ఎవరో ఒకరు చాయ్ పెట్టి తెస్తారు. అది నాకు అక్కరలేదు. నన్ను తిట్టే హక్కున్న మనిషి ఒక్కతే ఉండేది, ఆమె నోరు తెరిచి అడిగిన రోజున నేను అబద్ధం చెప్పాను.